నడిగడ్డకు ఎన్ని పేర్లు



పెబ్బేరులో కర్నూలు బస్సు ఎక్కితే కాసేపటికే బీచుపల్లి వంతెన వస్తుంది. కృష్ణ దాటగానే అవతల మొదలయ్యే నేలను మేం నడిగడ్డ అంటాం. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, ఆ రెండింటి నడుమ ఉన్న గడ్డ. గద్వాల, అయిజ, ఇటిక్యాల, మానవపాడు, అలంపురం, అన్నీ అందులోవే. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు గానీ, శనివారం మా పెబ్బేరు సంతలో ఎద్దుల జతకు బేరమాడేటప్పుడు గానీ "వాళ్లు నడిగడ్డోళ్లు" అంటే చాలు, ఇంకో గుర్తు చెప్పక్కర్లేదు.

ఈ నడిగడ్డ అనే మాట ఏ ప్రభుత్వ గెజిట్‌లోనూ జిల్లా పేరుగా కనిపించదు. కాగితం మీద ఇప్పుడు అది జోగులాంబ గద్వాల జిల్లా. కానీ ఆ గడ్డను ఇన్ని వందల ఏళ్లలో ఎందరు ఏలారో, ఎందరు దాని మీదుగా దండు కదిలించారో, అన్ని భాషల్లో దానికి పేర్లు పడ్డాయి. ఆ పేర్ల గురించి, అవి మనకు ఏం చెబుతున్నాయన్న దాని గురించి ఈ పూట మీతో మాట్లాడతాను.

కన్నడ శాసనాల్లో ఎడెదొరె నాడు అన్న పేరుంది. ఎడె అంటే నడుమ, తొరె అంటే ఏరు. ఏళ్ల నడుమ నాడు. మన నడిగడ్డ లాగే ఉంది చూడండి. అక్కడినుంచి తమిళానికి వెళ్దాం. పదకొండో శతాబ్దంలో రాజేంద్ర చోళుడు తాను గెలిచిన దేశాల పట్టికను శాసనాల్లో వరసగా చెక్కించాడు. అందులో ఇడైతుఱై నాడు అన్న పేరు వస్తుంది. మన కొలనుపాక కూడా అదే పట్టికలో కొళ్లిప్పాక్కై అయి కూర్చుంది. ఈ ఇడైతుఱై నాడు మరేదో కాదు, కన్నడిగుల ఎడెదొరెనే తమిళం నోటితో పలికిన పేరని చరిత్రకారులు గుర్తించారు. తంజావూరులో కూర్చుని శాసనం రాసినవాడికి ఈ గడ్డ ఎలా ఉంటుందో తెలిసి ఉండకపోవచ్చు. పేరు మాత్రం ఇక్కడి అర్థాన్ని మోసుకునే అంత దూరం వెళ్లింది.

తరువాత బహమనీలు వచ్చారు. వాళ్ల దర్బారు భాష పారసీకం. వాళ్లు దోఆబ్ అన్నారు. దో అంటే రెండు, ఆబ్ అంటే నీళ్లు. అయిదు నీళ్లున్నది పంజాబ్ అయినట్టే, రెండు నీళ్లున్నది దోఆబ్. రాయచూరు కోట ఇందులో పెద్దది కాబట్టి రాయచూరు దోఆబ్. ఇంగ్లీషువాళ్లు చరిత్ర పుస్తకాల్లోకి ఈ పేరునే ఎత్తుకున్నారు. ఇప్పటికీ మన పిల్లలు పరీక్షకు చదివేది "రాయచూర్ అంతర్వేది" అనో "రాయచూర్ దోఆబ్" అనో. గద్వాలలో పుట్టిన పిల్లవాడు కూడా విజయనగరం, బహమనీ యుద్ధాల కారణాల్లో రాయచూరు దోఆబ్ అని బట్టీ పట్టి రాసి వస్తాడు. తాను నిలబడి ఉన్న నడిగడ్డ అందులో భాగమే అని అతనికి ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగే సంగతి ఇదే. పాఠం తన ఊరి గురించే ఉన్నా, పేరు మారడం వల్ల పిల్లవాడు దాన్ని పరాయి చోటు కథలాగా చదువుతున్నాడు.

మరొక పేరు ఇంకా దూరం నుంచి వచ్చింది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించి రాయచూరు కోట పట్టుకున్న యుద్ధం మీకు తెలుసు. దాన్ని వివరంగా రాసిపెట్టినవాడు న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. ఆయన తన రాతలో రాయచూరును రాచోల్ అన్నాడు. వినపడింది వినపడినట్టు తన భాష అక్షరాల్లో పెట్టుకున్నాడు, అంతే. రాబర్ట్ సూయల్ 1900లో ఆ రాతను ఇంగ్లీషులో అచ్చువేసినప్పుడు రాచోల్ అంటే రాయచూరు అని విడిగా చెప్పాల్సి వచ్చింది.

నడిగడ్డ, ఎడెదొరె, ఇడైతుఱై, దోఆబ్. వీటిలో ఒక విశేషముంది. నాలుగు భాషలవాళ్లూ ఒకే గుణాన్ని చూశారు. నదుల మధ్య ఉండటమే ఈ నేలకు గుర్తు అని నలుగురికీ తోచింది. పేర్లు వేరైనా చూపు ఒక్కటే. ఇలా అన్నిచోట్లా జరగదు. మిగతా పాలమూరులో జరిగింది వేరు.

పాలమూరు అన్నాను కదా. దాని సంగతి చెబుతాను. ఇప్పటి మహబూబ్‌నగర్ పట్టణానికి పాత పేర్లు రుక్మమ్మపేట, పాలమూరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890 డిసెంబరు 4న అది మహబూబ్‌నగర్ అయింది. అంతకు ముందు జిల్లా కచేరీ కొన్నాళ్లు నాగర్‌కర్నూల్‌లో ఉండేది. కచేరీ మారింది, పేరూ మారింది. ఇంకా వెనక్కి పోతే కందూరు చోళుల కాలంలో ఈ సీమలో పెద్ద భాగం కందూరునాడు.

మహబూబ్‌నగర్ పేరు వచ్చి నూట ముప్పై ఏళ్లు దాటింది. అయినా పాలమూరు చెరిగిపోలేదు. ఎందుకు చెరిగిపోలేదో కొంచెం ఆగి చెప్పాలి. ఈ జిల్లా నుంచి కూలి పనికి పోయిన జనం గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగారు. ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, రోడ్లు వేశారు. ఎక్కడికి పోయినా వాళ్లను పాలమూరు లేబర్ అన్నారు. రాష్ట్రం దాటితే మహబూబ్‌నగర్ జిల్లా ఎక్కడుందో తెలియని కాంట్రాక్టరుకు కూడా పాలమూరు తెలుసు. గెజిట్ రద్దు చేసిన పేరును తట్టలు మోసినవాళ్లు బతికించారు. కరువు, వలస, చెమట అన్నీ ఆ పేరుతో అంటుకుని ఉన్నాయి. తరువాత ప్రభుత్వమే ఆ పేరు దగ్గరికి నడిచి వచ్చింది. 2008లో పెట్టిన విశ్వవిద్యాలయానికి పాలమూరు విశ్వవిద్యాలయం అని పేరు పెట్టింది. 2015లో మొదలైన ఎత్తిపోతల పథకానికి పాలమూరు–రంగారెడ్డి అని పెట్టింది. పట్టణం, జిల్లా మహబూబ్‌నగర్‌గానే ఉన్నాయి. రెండు పేర్లూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉన్నా ఎవరికీ ఇబ్బంది కలగడం లేదు.

ఈ రెంటిలో ఒకటి మనది, ఒకటి పరాయిది అనే మాటతో నేను ఏకీభవించను. మహబూబ్‌నగర్ అన్న పేరుతో నాలుగైదు తరాలు పుట్టాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబానికి అది తాత చెప్పిన ఊరి పేరు. చేను దున్నేవాడి ఇంట్లో పాలమూరు ఎంత ఇంటి మాటో అదీ అంతే. పేరు పెట్టినవాడు రాజు కావచ్చు. దాన్ని వాడి వాడి తమది చేసుకున్నది జనం.

ఉర్దూ మాట వచ్చింది కనుక, మన ఊళ్ల పేర్ల చివర్లు ఎలా అరిగాయో చెప్పడం అవసరం. హైదరాబాదు రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులకు మామూలుగా గుర్తులు పెట్టరు. వనపర్తి అని రాయాలంటే వ, న, ప, ర, త, చివర ఒక దీర్ఘం, ఇంతే కాగితం మీద పడుతుంది. చదివేవాడు దాన్ని వన్‌పర్తీ అంటాడు. ఇంపీరియల్ గెజిటీర్ తయారుచేసిన ఇంగ్లీషు అధికారులు ఆ పలుకునే పట్టుకుని వన్‌పర్తి అని అచ్చువేశారు. శ్రీరంగాపురం శ్రీరంగాపూర్ అయింది, నారాయణపేట నారాయణ్‌పేట్ అయింది, గద్వాల గద్వాల్ అయింది. ఇవి ఎవరో కుట్ర పన్ని మార్చినవి కావు. తెలుగు మాట అజంతం, చివర అచ్చు లేకపోతే మనకు తోచదు. ఆ అచ్చును చూపే గుర్తు ఆ రాతలో మామూలుగా పడలేదు. ఆ లిపి నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి మళ్లీ తెలుగుకు వచ్చేసరికి పేరు మూడు చేతులు మారింది. ఇప్పుడు తెలుగులోనే కొందరు గద్వాల అని, కొందరు గద్వాల్ అని రాస్తున్నారు.

మా పెబ్బేరు సంగతీ ఇంతే. ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర ఏ, ఐ, ఆర్ అని మూడక్షరాలు పెట్టడం అలవాటైంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే పైరాష్ట్రాల లారీ డ్రైవర్లు బోర్డు చూసి పెబ్బెయిర్ అంటారు. ఇంకొందరు ఇంగ్లీషులోనూ పలుకు ప్రకారం పెబ్బేరు అనే రాస్తారు. బ్యాంకు పుస్తకంలో ఒక స్పెల్లింగు, ఆధార్ కార్డులో ఒక స్పెల్లింగు ఉంటే దరఖాస్తు పెట్టుకున్నవాడికి ఎంత తిరుగుడో ఈ మాట వింటున్న మీలో చాలామందికి తెలుసు.

కర్నూలు పేరు దీనికంటే వింతగా రెండుగా చీలింది. కర్నూలుకు తెలుగులో పాత పేరు కందనవోలు. అలంపురం గుడులకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటబోయే ముందు ఇరుసులకు కందెన పెట్టుకున్న చోటు కాబట్టి ఆ పేరు అని జనం చెప్పుకునే కథ. నవాబుల కాలంలో దానికి ఖమర్‌నగర్ అని ఇంకో పేరు పెట్టారు, అది నిలవలేదు. 1839లో కంపెనీ ఆ నవాబును దించి కర్నూలును మద్రాసు కింద కలుపుకుంది. ఇటు నిజాం రాజ్యంలో ఇంకో కందనూలు ఉంది, నాగర్‌కర్నూల్. తుంగభద్ర ఒడ్డున ఉన్నదీ కర్నూలే, నిజాం రాజ్యంలో ఉన్నదీ కర్నూలే. రెండింటికీ తేడా తెలియడానికి ముందు నాగర్ చేరింది. అటు కర్నూలు పట్నంలో కందనవోలు అన్న మాట ఇప్పుడు సాహితీ సభల్లో తప్ప వినపడదు. నాగర్‌కర్నూల్ వైపు మాత్రం విలేకరులు ఇవాళ్టికీ వార్తల్లో "కందనూలు జిల్లా" అని ధీమాగా రాస్తున్నారు. పాత పేరు అసలు చోట పాతబడి, పక్క చోట కొత్తగా వాడుకలో ఉంది.

నల్లమలకు వెళ్తే అక్కడి చెంచుల మాట పెంట. చెంచులు తమ ఆవాసాన్ని పెంట అంటారు. అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట. మైదానంలో మనకు పెంట అంటే కుప్ప. ఆ ఊరివాళ్లు చెప్పుకునే మాటను మన వాడుకతో తూచి, తక్కువ చేసి, కాగితం మీద ఆ తోకను కత్తిరించడం తగదు. పెంట అన్నది వాళ్ల ఊరు. అలాగే రాయాలి.

ఇంతకీ ఈ పేర్ల లెక్క మన ఒక్క జిల్లాకు పట్టినది కాదు. ఆఫ్రికాలోనూ ఇదే కథ, అక్కడికి దారి మా మండలం నుంచే ఉంది. మా మండలంలో సూగూరు అనే పల్లె ఉంది. వనపర్తి సంస్థానానికి మొదట ఈ పల్లె పేరు మీదనే సూగూరు సంస్థానమని పేరు. రాజధాని మారింది కనుక పేరు వనపర్తి అయింది. ఆ సంస్థానానికి చివరి రాజు రాజా రామేశ్వరరావు గారు. 1923లో పుట్టారు. జాగీర్లు రద్దయిన తరువాత విదేశాంగ శాఖలో చేరి, మొదట తూర్పు ఆఫ్రికాలో, తరువాత పశ్చిమాన గోల్డ్ కోస్ట్ రాజధాని అక్రాలో భారతదేశం తరఫున పనిచేశారు. తిరిగి వచ్చి, 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఓరియెంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపినదీ ఆయనే. వనపర్తిలో పాలిటెక్నిక్ నడుస్తున్నది ఆయన కుటుంబం ఇచ్చిన రాజమహల్లోనే.

ఆయన ఉన్న రోజుల్లో ఆ దేశం పేరు గోల్డ్ కోస్ట్, అంటే బంగారు తీరం. ఆ నేలలో తమకు ఏం దొరికిందో అదే యూరపువాళ్లు దానికి పేరు పెట్టారు. 1957 మార్చి 6న స్వాతంత్ర్యం రాగానే అది ఘనా అయింది. ఆ దేశంలో కుమాసి రాజధానిగా ఒక ప్రాంతం ఉంది. ఇంగ్లీషువాళ్లు అషాంటీ అని రాశారు. అక్కడి ట్వీ భాష మాట్లాడేవాళ్లు దాన్ని అసాంటె అంటారు. జర్మన్లు, ఫ్రెంచివాళ్లు తమ తమ అక్షరాల్లో తలా ఒక తీరుగా రాసుకున్నారు. ఇప్పుడు కూడా ప్రభుత్వ కాగితాల్లో ఆ రీజియన్ పేరు అషాంటీయే. రాజు, ఆస్థానం, ఆ జనం అసాంటె. ఒకే చోట రెండు రూపాలు, మన గద్వాల, గద్వాల్ లాగే.

తూర్పు సరిహద్దులో ఉన్న ఇంకో ప్రాంతం కథ మన నడిగడ్డకు మరీ దగ్గర. అక్కడ వోల్టా అనే పెద్ద నది ఉంది. ఆ పేరు పోర్చుగీసువాళ్లు పెట్టినది. నది అవతలి నేలలో పెద్ద భాగాన్ని జర్మన్లు ఏలారు, టోగోలాండ్ అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక దాన్ని బ్రిటను, ఫ్రాన్సు పంచుకున్నాయి. బ్రిటిషువాళ్ల వాటా దక్షిణ భాగాన్ని గోల్డ్ కోస్ట్‌లోని నది తూర్పు ఒడ్డు జిల్లాలతో కలిపి 1952లో ట్రాన్స్‌వోల్టా టోగోలాండ్ అని ఒక ప్రాంతంగా చేశారు. 1956 మే 9న బ్రిటిషువాళ్ల వాటా మొత్తంలో జనాభిప్రాయం అడిగారు, మొత్తం మీద గోల్డ్ కోస్ట్‌తో కలవడానికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. స్వాతంత్ర్యం తరువాత అది వోల్టా రీజియన్ అయింది. ట్రాన్స్‌వోల్టా అంటే వోల్టాకు అవతల. ఎవరికి అవతల? అక్రాలో సెక్రటేరియట్‌లో కూర్చున్నవాడికి అవతల. ఆ ఒడ్డున పుట్టి పెరిగిన ఏవె జనానికి అది అవతల ఎట్లా అవుతుంది? దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ కూడా అటువంటి పేరే. వాల్ నదికి దక్షిణం నుంచి వచ్చినవాళ్లు పెట్టారు. 1994 తరువాత ఆ పేరు ప్రాంతాల పట్టికలోంచి పోయింది. తూర్పు ట్రాన్స్‌వాల్ 1995లో ఎంపుమలాంగ అయింది.

ఈ ఉదాహరణలు పక్కన పెట్టుకుని చూస్తే నడిగడ్డ అన్న మాట విలువ నాకు ఇంకా బాగా అర్థమవుతుంది. అది ఒడ్డు అవతల నిలబడి వేలు చూపి పెట్టిన పేరు కాదు. మధ్యలో నిలబడి, అటూ ఇటూ నీళ్లు చూసినవాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు.

ఆఫ్రికాలో మన తెలుగువాళ్లకు సొంత అనుభవమైన చోటు ఒకటుంది, నాటాల్. 1497 క్రిస్మస్ రోజుల్లో వాస్కోడిగామా ఓడ ఆ తీరం వెంట పోయింది. పోర్చుగీసులో క్రిస్మస్‌ను నాటాల్ అంటారు, తీరానికి ఆ పేరు పడింది. అక్కడి జులూ జనం తమ నేలను క్వాజులూ అంటారు. 1994లో రెండూ కలిపి క్వాజులూ–నాటాల్ అన్నారు. డర్బన్ నగరాన్ని జులూలో ఎతెక్విని అంటారు. ఆ రేవులోనే 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో చెరకు తోటల కూలీలు దిగారు. ఆ తరువాత వచ్చిన ఓడల్లో తెలుగు జిల్లాలవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పిల్లలు, మనుమలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగును కాపాడుకున్నారు.

ఓడ ఎక్కేటప్పుడు గుమాస్తా కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాసుకున్నాడు. కూలీకి చదువు లేదు. నోటితో చెప్పాడు. గుమాస్తా తనకు వినపడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. విశాఖపట్నం వైజాగపటం అయింది. అది పెద్ద ఊరు కాబట్టి ఇవాళ గుర్తుపట్టగలం. పల్లెల సంగతి ఏమిటి? అయిదో తరం మనుమరాలు ఆ పట్టిక నకలు పట్టుకుని ఇండియాకు వచ్చి, ఆ అక్షరాలను పది రకాలుగా పలికి చూసినా తాతగారి ఊరు దొరకదు. ఊరు ఉంది. మనుషులున్నారు. బంధువులూ ఉండవచ్చు. కాగితం మీది పేరుకూ నోటిలోని పేరుకూ మధ్య తాడు తెగింది.

అంత దూరం పోనక్కర్లేదు. మన గద్వాలలోనే ఆ ఇబ్బంది చూడవచ్చు. 1950లో గద్వాలలో పుట్టిన ఒక అవ్వను తీసుకోండి. ఆమె పుట్టినప్పుడు ఆ ఊరు హైదరాబాదు రాష్ట్రం, రాయచూరు జిల్లా. 1956 నవంబరు 1న రాష్ట్రాలను మళ్లీ విభజించినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది, గద్వాల, అలంపురం తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చాయి. 2014 జూన్ 2న ఆమె తెలంగాణ రాష్ట్రంలో ఉంది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చింది. అవ్వ ఇల్లు మారలేదు, వాకిలి మారలేదు. మూడు రాష్ట్రాలు, మూడు జిల్లాలు ఆమె గడప ముందు నుంచి నడిచి వెళ్లాయి. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో ఆమె తండ్రి భూమి వివరం వెతకాలంటే ఏ జిల్లా కింద వెతకాలి? అప్పటి కాగితాల ప్రకారం రాయచూరు కింద. ఈ సంగతి తెలియని మనుమడు మహబూబ్‌నగర్ చుట్టూ తిరుగుతాడు. పేరు చరిత్ర తెలియకపోతే చేతిలోని చేను కూడా కాగితం మీద కనపడకుండా పోతుంది.

శనివారం సంత రోజున మా ఊళ్లో నిలబడి బండ్ల నంబరు ప్లేట్లు చూడండి. గొర్రెలు దించే వ్యాన్లు, ఎద్దులు ఎక్కించే లారీలు. ఏపీ 22 అని ఉన్న పాత బండి ఉమ్మడి మహబూబ్‌నగర్‌ది. టీఎస్ 06 అదే జిల్లా, రాష్ట్రం వచ్చిన తరువాతది. టీఎస్ 32 వనపర్తి. టీఎస్ 33 గద్వాల. 2024 మార్చి నుంచి వచ్చిన కొత్త బండ్లకు టీజీ. ఏపీ 21 కర్నూలుది. కేఏ 36 రాయచూరుది. ఒకే సీమ, పక్కపక్కనే ఇన్ని గుర్తులు. ఆ బండ్లలో వచ్చిన మనుషులు ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ కలిపి బేరం తెగ్గొట్టుకుని మధ్యాహ్నానికి ఎవరి దారిన వాళ్లు పోతారు.

మన పేర్ల విషయంలో ప్రభుత్వాలు ఇంకొక పని కూడా చేస్తుంటాయి, ముందు ఒక గౌరవ నామం చేర్చడం. ప్రియదర్శిని జూరాల, జవహర్ నెట్టెంపాడు, రాజీవ్ భీమా, మహాత్మాగాంధీ కల్వకుర్తి. బోర్డు మీద అవి ఉంటాయి. నీళ్లు వచ్చాయా లేదా అని అడిగే రైతు జూరాల అంటాడు, నెట్టెంపాడు అంటాడు. జోగులాంబ గద్వాల జిల్లా అన్నదీ నోట్లో గద్వాల జిల్లాగానే మిగిలింది. అలంపురం జోగులాంబ మీద భక్తి తగ్గి కాదు. నోరు పొట్టి పేరునే పట్టుకుంటుంది. ఇది తప్పని ఎవరూ అనుకోనక్కర్లేదు.

మనం ఇతరులకు చేసేదీ అదే. మద్రాసును చెన్నపట్నం అన్నాం, రంగూన్‌ను రంగం అన్నాం. కోస్గి నుంచీ నారాయణపేట నుంచీ బస్సెక్కే మన వలస కూలీలకు ఆ నగరం నేటికీ బొంబాయే. ముంబయి అని 1995లోనే మారిందని వాళ్లకు తెలుసు. అయినా ఇంట్లో "బొంబాయి పోయిండు" అనే అంటారు. ఆ మాటలో ఆ కుటుంబం ఇరవై, ముప్పై ఏళ్ల బతుకు ఉంది.

భౌగోళిక నామాల మీద ఐక్యరాజ్యసమితి 1967లో జెనీవాలో మొదటి సమావేశం పెట్టింది. ఒక చోటుకు అక్కడివాళ్లు తమ భాషలో పెట్టుకున్న పేరు వేరు, బయటివాళ్లు తమ భాషలో పిలిచే పేరు వేరు అని రెండు తరగతులు చేసి, మొదటిదానికి పటాల్లో పెద్దపీట వేయాలని అప్పటినుంచి చెబుతూ వస్తున్నారు. మంచి మాట. కానీ రెండో రకం పేర్లను పారేయమని దాని అర్థం కాదు. రాచోల్ అన్న పేరు పారేస్తే 1520 యుద్ధం వివరాలు పారేసినట్టే. ఎడెదొరె పారేస్తే కన్నడ శాసనాలు మనవి కాకుండా పోతాయి. దోఆబ్ పారేస్తే బహమనీ చరిత్ర తలుపు మూసుకుంటుంది. కచేరీకి ఒక పేరు చాలు, ఒకటే ఉండాలి కూడా. చరిత్రకు అన్నీ కావాలి.

ఈ సీమలో పాత పేర్లను కాపాడే పని చేసినవారు ఉన్నారు. నడిగడ్డలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టి, ఊరూరి సంగతులు అచ్చులోకి తెచ్చారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. అలంపురంలో గడియారం రామకృష్ణశర్మ గారు గుడుల చుట్టూ తిరిగి శాసనాలు చదివి, ఏ ఊరు ఏ కాలంలో ఏ పేరుతో ఉందో విప్పి చెప్పారు. ఆయన ఆత్మకథ శతపత్రము. దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం 2007లో వచ్చింది, అప్పటికి ఆయన లేరు.  రాళ్ల మీద, పాత కాగితాల మీద ఉన్న పేర్లను వాళ్లు కాపాడారు. నోళ్లలో ఉన్న పేర్లు మాత్రం ఇంకా కాగితం ఎక్కలేదు.

పొలాలకు పేర్లుంటాయి. గుట్టలకు, కుంటలకు, వాగు మలుపులకు, బావులకు ఉంటాయి. తండాలో లంబాడీ భాషలో ఒక పేరుంటే, పక్క పల్లెలో తెలుగులో ఇంకొకటి ఉంటుంది. సర్వే కాగితంలో నంబరే ఉంటుంది. ఆ చేను పేరు తెలిసిన చివరి మనిషి పోతే ఆ పేరు పోతుంది. జూరాల కింద, శ్రీశైలం కింద మునిగిన ఊళ్ల విషయంలో ఇది కళ్లారా చూశాం. ఊరు పేరు పునరావాస కాలనీకి వెళ్లింది, ఊరి చుట్టూ ఉన్న పేర్లు నీళ్లలోనే ఉండిపోయాయి.

కాబట్టి బడిపంతుళ్లకు, కాలేజీ పిల్లలకు, పంచాయతీ కార్యదర్శులకు నాదొక విన్నపం. మీ ఊరిని తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో, లంబాడీలో, ఇంగ్లీషులో ఎవరెవరు ఏమంటారో అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి. చేలకు, చెరువులకు, గుట్టలకు పెద్దలు చెప్పే పేర్లు చెప్పినట్టే రాయండి, దిద్దకండి. రెండు పేర్లు చెబితే రెండూ రాయండి. పేరు వెనక కథ చెబితే అది కథ అనే రాయండి, చరిత్ర అని రాయకండి. పుస్తకం ఒక నకలు బడిలో, ఒకటి గ్రామపంచాయతీలో పెట్టండి. పిల్లలకు రాయచూరు దోఆబ్ పాఠం వచ్చిన రోజున, మన నడిగడ్డ అందులోదేనని పంతులుగారు బోర్డు మీద రాసి చూపించండి. మీరు రాసే ప్రతి పేరు పక్కన చెప్పినవారి వయసు, మీరు రాసిన తేదీ వేయడం మాత్రం మరవకండి.